పటమట ఎత్తు, కానూరు ఎత్తు

పోయినేడాది మార్చిలో అమ్మ గుమ్మడి వడియాలు పెట్టింది. విజయవాడ పటమటలో మా ఇంటి డాబా మీద, ఎప్పటిలాగే పాత నేత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి, పొద్దున ఎనిమిదింటికల్లా పని ముగించింది. మధ్యాహ్నం రెండున్నరకి నేను పైకి వెళ్లేసరికి చీరలో సగం నీడలో ఉంది. పడమటి వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ నీడ అది. అమ్మ చీరను తూర్పు పిట్టగోడ దాకా లాగింది. మూడున్నరకి నీడ అక్కడికీ వచ్చేసింది. నాలుగు రోజులైనా వడియాలు పైపైన ఎండి లోపల మెత్తగానే ఉండిపోయాయి. అయిదో రోజు వాసన వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, అన్నీ బకెట్లోకి తీసి కిందికి తీసుకెళ్లి పారబోసింది. ఆ డాబా మీద వడియాలు పాడవడం నా చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ అపార్ట్‌మెంట్ అక్రమ కట్టడం కాదు. మూడు పాత ఇళ్లు కొని, కలిపి, సుమారు 600 గజాల స్థలంలో స్టిల్ట్ మీద, అంటే బళ్లు పెట్టుకోవడానికి పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తు మీద, ఐదు అంతస్తులు వేశారు. ప్లాన్ పాసైంది, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్‌లు, వదిలారు, అన్నీ కాగితం ప్రకారమే ఉన్నాయి. ఇంత నమ్మకంగా ఎలా చెబుతున్నానంటే, నేను సివిల్ డిప్లొమా చేసి పదేళ్లకు పైగా ఒక లైసెన్స్‌డ్ ఇంజనీరు ఆఫీసులో ప్లాన్లు గీశాను. ఇలాంటివి నా చేత్తోనే చాలా గీశాను. వాటి నీడ ఎక్కడ పడుతుందో గీయమని నన్నెవరూ అడగలేదు. నేనూ గీయలేదు.

మా అక్క వాళ్లది కానూరు. మా ఇంటి నుంచి బందరు రోడ్డు మీద ఆటోలో పావుగంట. ఎక్కడ పటమట అయిపోయి ఎక్కడ కానూరు మొదలవుతుందో ఆటోలో కూర్చున్నవాళ్లకి తెలియదు. అవే షాపులు, అవే హోర్డింగులు, అదే ట్రాఫిక్. కానీ అక్క వాళ్లు ఫ్లాట్ కొన్న 2010లో ఆ హద్దుకి ఇటు కార్పొరేషన్, అటు పంచాయతీ. ఇప్పుడు కానూరు, యనమలకుదురు, పోరంకి, తాడిగడప కలిసి ఒక మున్సిపాలిటీ అయ్యాయి. అప్పట్లో ఊరికో పంచాయతీ ఆఫీసు, ఊరికో కార్యదర్శి, పైన వీజీటీఎం ఉడా, అంటే విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ. ఇంటి పన్ను కట్టేది ఒక చోట, పెద్ద బిల్డింగు ప్లాన్ పాసయ్యేది ఇంకో చోట. వచ్చి కొలిచి చూసేవాళ్లు ఎవరన్నది మాత్రం ఎవరికీ స్పష్టంగా తెలియదు.

ఆ బిల్డర్ ప్లాన్‌లో చూపించింది ఒకటి, కట్టింది ఇంకోటి. పైన రెండు అంతస్తులు ప్లాన్‌లో లేవు. అక్క వాళ్ల ఫ్లాటు సరిగ్గా అక్కడే ఉంది. బావగారు బయానా ఇచ్చేశాక గానీ ఈ సంగతి బయటపడలేదు. లోన్ కోసం వెళితే బ్యాంకు లాయరు ప్లాన్ కాపీ చూసి, ఈ ఫ్లోరే ఇందులో లేదు కదా అని పక్కన పెట్టేశాడు. చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. 2015లో బీపీఎస్, అంటే డబ్బు కట్టి అక్రమ కట్టడాన్ని సక్రమం చేయించుకునే పథకం, వచ్చినప్పుడు క్రమబద్ధీకరణకి డబ్బు కట్టారు. ఆ ఐదేళ్లూ అక్క పడిన టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. గేటు దగ్గర జీపు ఆగితే చాలు, బాల్కనీలోంచి తొంగి చూసేది. అంత జరిగినా బిల్డర్‌కి పైసా ఖర్చు కాలేదు. అతను అప్పటికే ఇంకో ఊరు వెళ్లి ఇంకో బిల్డింగు మొదలుపెట్టేశాడు.

రెండు బిల్డింగులదీ దాదాపు ఒకే ఎత్తు. ఒకటి సక్రమం, ఇంకోటి అక్రమమై తర్వాత సక్రమమైంది. ఊరికో రూలు ఉండబట్టే ఇదంతా అని, అందరికీ ఒకే రూలు పెడితే సరిపోతుందని ఈ మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవడం లేదు, ఎందుకంటే రూలు ఒకటై చాలాకాలమైంది.

పాత రోజుల్లో నిజంగానే ఊరికో లెక్క ఉండేది. మున్సిపాలిటీలకు వాటి బైలాలు, పంచాయతీలకు 2002 నాటి లేఅవుట్, బిల్డింగు రూల్సు. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో 168 నంబరు జీవో వచ్చింది. మా ఆఫీసులో దాన్ని ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, టేబుళ్ల పేజీల అంచులు నలిగిపోయేదాకా వాడాం. తర్వాత 2017లో 119 నంబరు జీవోతో ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ వచ్చాయి. కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోని ఊళ్లు అన్నీ దాని కిందికే వచ్చాయి. మధ్యలో సవరణలు చాలా జరిగాయి గానీ పునాది మారలేదు. విజయవాడకీ గుంటూరుకీ తెనాలికీ మంగళగిరికీ పుస్తకం ఒకటే.

ఆ పుస్తకంలో ఎత్తు దేని మీద ఆధారపడుతుందో తెలిస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. చెన్నైలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేస్తే మొదట అడిగేది, మీ ఏరియాలో ఎఫ్‌ఎస్‌ఐ ఎంత అని. అక్కడ స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలని లెక్క. మన దగ్గర ఆ లెక్క లేదు. 2006లో హైదరాబాద్‌లో 86 నంబరు జీవోతో దాన్ని తీసేశారు, తర్వాత మిగతా ఊళ్లకీ అదే పద్ధతి వచ్చింది. మన దగ్గర ఎత్తుని నిర్ణయించేవి స్థలం సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ. 2012 టేబుల్ ప్రకారం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు చేరితే అది హైరైజ్ కిందికి వస్తుంది. హైరైజ్‌కి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, అంటే సుమారు 2,400 గజాలు కావాలి. 21 మీటర్ల వరకు వెళ్లాలంటే 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ ఉండాలి. 50 మీటర్లు దాటాలంటే రోడ్డు 30 మీటర్లు, చుట్టూ ఖాళీ 16 మీటర్లు ఉండాలి. నివాస భవనం 18 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం, ఫైర్ ఎన్‌ఓసీ, కూడా తెచ్చుకోవాలి.

ఇన్ని షరతులు ఉన్నాక బిల్డర్ ఏం చేస్తాడు? 18 మీటర్లకి కాస్త కింద ఆగిపోతాడు. స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అనే మాట ఇక్కడ సామెతలా అయిపోవడానికి కారణం అదే. ఓ సాయంత్రం గాంధీ కొండ ఎక్కి చూడండి. కాలవల మీదుగా పటమట, ఆటోనగర్ వైపు చూపు సారిస్తే బిల్డింగులన్నీ కత్తితో కోసినట్టు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. వంద అడుగుల రోడ్డు మీదా అదే ఎత్తు, ఇరవై అడుగుల సందులోనూ అదే ఎత్తు. పెద్ద రోడ్డు పక్కన ఎనిమిది, పది అంతస్తులు లేచినా తట్టుకోగల చోట 2,400 గజాలు ఒకే ముక్కగా దొరకదు. సందుల్లో రెండు, మూడు పాత ఇళ్లు కలిపితే ఐదంతస్తులకి సరిపోతుంది. అంచేత ఊరి బరువంతా సందుల మీద పడుతోంది.

ఇరవై అడుగుల సందుకి ఐదంతస్తులు ఎలా ఇస్తారని మీరు అడగొచ్చు. అది నేను గీసిన పనే, అందుకే వివరంగా చెబుతాను. రూలు 30 అడుగుల రోడ్డు అడిగితే, సందు 20 అడుగులే ఉంటే, కట్టేవాడు సందు మధ్య నుంచి 15 అడుగులు కొలిచి, తన వైపు పోయే ముక్క రోడ్డుకి వదలాలి. ప్లాన్‌లో ఆ ముక్కకి గళ్లు కొట్టి 'రోడ్డు విస్తరణకు వదిలిన స్థలం' అని రాస్తాం. అవతలి వైపు వాళ్లు కూడా ఏదో ఒకనాటికి అంతే వదులుతారని ఆశ. కాగితం మీద సందు 30 అడుగులైపోతుంది. ఆ 30 అడుగుల లెక్కకే ఎత్తు వస్తుంది.

మా సందుని పోయిన సంక్రాంతి సెలవుల్లో టేపు పెట్టి కొలిచాను. మా అబ్బాయి ఒక కొన పట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర 19 అడుగుల 4 అంగుళాలు. అపార్ట్‌మెంట్ ముందు 24 అడుగులు. దాని తర్వాత మా ఇంటి ముందు మళ్లీ 19 చిల్లర, ఎందుకంటే మేం కొత్తగా కట్టలేదు, వదలలేదు. సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 17. పళ్లూడిన నోటిలా ఒకరి ఇల్లు వెనక్కి, ఒకరి ఇల్లు ముందుకి. అపార్ట్‌మెంట్ వాళ్లు రోడ్డుకని వదిలిన ఆ నాలుగైదు అడుగుల్లో ఇప్పుడు ర్యాంపు ఒకటి ఉంది, ఆరు బైకులు ఉన్నాయి, ఇస్త్రీ బండి ఒకటి ఉంది. ఇస్త్రీ బండి ఆయనని నేనేమీ అనను, ఆయన ఎక్కడికి పోతాడు? కానీ ఫైరింజను ఆ సందులోకి రావాలంటే కల్వర్టు దగ్గర 19 అడుగులే ఉంది. 24 అడుగులు ఒక్క గేటు ముందే. గేటు ముందు వెడల్పు చూసి పైన ఐదంతస్తులకి సరే అనడం, పైపు ఒక కొన చూసి నీళ్లెన్ని వస్తాయో చెప్పడం లాంటిది.

రూలు ఒకటే అయినా పటమటకీ కానూరుకీ తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇక్కడి నుంచే. పాత పేటల్లో రోడ్లు ఎప్పుడో వేసినవి, అప్పటి లెక్కలో ఉన్నాయి. గుంటూరు బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. ఆ వెడల్పుకీ ఆ తీరుకీ ఎత్తు లెక్క కొంతవరకు అతుకుతుంది. పొలాలు ప్లాట్లైన ఊళ్లలో డొంకలే రోడ్లయ్యాయి. ఎడ్లబండి పోయేందుకు పెద్దలు వదిలిన దారి మీద ఇవాళ ముప్ఫై కార్లున్న బిల్డింగు నిలబడుతోంది. గుంటూరులో 2012లో గోరంట్ల, నల్లపాడు, అడవితక్కెళ్లపాడు లాంటి పది ఊళ్లని కార్పొరేషన్లో కలిపారు. గోరంట్లలో మా పెదనాన్నగారి ఇల్లుంది. ఊరు కార్పొరేషన్ అయినంత మాత్రాన వాళ్ల వీధి ఒక్క అడుగు కూడా వెడల్పు కాలేదు. మారింది పన్ను రసీదు మీద పేరు.

ఇంకో తేడా, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, చూసేవాళ్లు. టౌన్ ప్లానింగ్ సిబ్బంది అంటూ ఉన్న కార్పొరేషన్లో కనీసం పక్కింటివాడు ఫిర్యాదు పట్టుకెళ్లడానికి ఒక కౌంటరు ఉంటుంది. ఊరికి ఒక్క కార్యదర్శి, ఆయనకే జనన మరణాలు, కుళాయిలు, వీధి దీపాలు, పన్నులు అన్నీ అప్పజెప్పిన చోట, శ్లాబు ఎన్నోది పడుతుందో లెక్కపెట్టేది ఎవరు? పెద్ద బిల్డింగు అనుమతి పై సంస్థది. చూడాల్సింది మీరంటే మీరని ఇద్దరూ అనుకునే ఆ సందులోంచి రెండు అంతస్తులు లేస్తాయి. బిల్డర్‌కి ఈ సంగతి బాగా తెలుసు. స్థలం కొనేటప్పుడే హద్దు ఎక్కడో చూసుకుని అవతలి వైపు కొంటాడు.

ఆ అంతస్తుల్ని తర్వాత ఎవరూ కూలగొట్టరు. 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో ఒకసారి క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. మా అక్క కుటుంబం దానివల్లే ఊపిరి పీల్చుకుంది. ఈ పథకాల్ని తప్పుపడుతున్నప్పుడు ఆ మాట దాచను. కానీ ఆ డబ్బు ఎవరు కట్టారో చూడండి. తప్పు చేసిన బిల్డర్ కట్టలేదు, తెలియక కొన్నవాళ్లు కట్టారు. వెలుతురు పోయిన పక్కింటివాడికి ఏమీ రాలేదు, ఆ వీధి కాలవ ఒక్క అంగుళం వెడల్పు కాలేదు. పైగా ప్రతి పథకమూ తర్వాతి పథకానికి ఆశ పెట్టి వెళ్లింది. కట్టేయండి సార్, ఎలాగూ బీపీఎస్ వస్తుందిగా అని నా ముందే, ప్లాన్ గీయించుకుంటూ, ఎంతమంది అన్నారో. ఏ రూలైనా ఆ ఒక్క మాటకి ఓడిపోతుంది.

హద్దుల్ని పట్టించుకోకుండా ఎత్తుని అదుపులో పెట్టడం కుదరదని అనేవాళ్లకి గన్నవరం చూపిస్తాను. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల దాకా ఎత్తు మీద ఒక కన్ను ఉంటుంది. 2015లో కేంద్ర విమానయాన శాఖ పెట్టిన నిబంధనలు అవి. రంగురంగుల మ్యాపు ఒకటి ఉంటుంది, ఏ రంగులో ఉంటే ఎంత ఎత్తు దాటాక ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ కావాలో అందులో ఉంటుంది. మన రూల్సులో ఎత్తు రోడ్డు మట్టం నుంచి కొలుస్తాం, వాళ్లు సముద్ర మట్టం నుంచి కొలుస్తారు. మొదటిసారి ఆ లెక్క వేసినప్పుడు నాకు గంట పట్టింది. ఆ మ్యాపులో నిడమానూరు పంచాయతీ, విజయవాడ కార్పొరేషన్ అనే భేదం ఎక్కడా లేదు. రన్‌వే నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, అంతే. ఎక్కడ ఎంత ఎత్తు అనేది ఊరూరికీ మారుతుంది, కానీ మారడానికి కారణం విమానం దిగే దారి. ఏ ఆఫీసు పరిధి అన్నది అక్కడ ప్రశ్నే కాదు. నేను కోరుకునే తేడా అలాంటిది.

2024 సెప్టెంబరు ఒకటో తేదీ ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు నా స్నేహితుడి కుటుంబం అక్కడే ఉంది. వాళ్లది రేకుల ఇల్లు. మొదటి రోజు మంచం మీద, తర్వాత బల్ల మీద, రాత్రికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు వరండాలో. ముఖపరిచయం కూడా లేని వాళ్లు తలుపు తీసి లోపలికి రమ్మన్నారు. మూడు రోజులు ఆ వరండాలో పదహారు మంది ఉన్నారట. స్టిల్ట్‌లో ఉన్న కార్లు, బైకులు, లిఫ్టు మోటారు అన్నీ నీళ్ల పాలయ్యాయి, పైన మనుషులు బతికారు. అది విన్నాక, ఎత్తుకి నేను వ్యతిరేకిని అని ఎవరైనా అంటే ఒప్పుకోను. బుడమేరు పరీవాహకంలో కింద అంతస్తు మొత్తం ఖాళీగా వదిలిన ఇంటికి పైన ఒక అంతస్తు ఎక్కువ ఇవ్వాలంటాను. వెలగలేరు నుంచి ఏనికేపాడు దాటి కొల్లేరు దాకా ఆ వాగు ఎన్నో పంచాయతీల మీదుగా, ఒక కార్పొరేషన్ మధ్య నుంచి పోతుంది. పైనున్న ఊళ్లో వాగు గట్టు మీద మెరక పోసి కట్టడానికి అనుమతిస్తే నీళ్లొచ్చేది కిందనున్న ఊళ్లోకి. ఆ ఊరి ప్లాన్ ఈ ఊరివాళ్లు చూడరు, ఆ ఊరి నీళ్లు మాత్రం ఈ ఊరికి వస్తాయి.

అంచేత నేను అడిగేది ఇది. ఎత్తు ఇచ్చే ముందు గేటు ముందు వెడల్పు కాదు, ఆ స్థలం నుంచి మెయిన్ రోడ్డు దాకా దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు కొలవండి. మా పక్క అపార్ట్‌మెంట్‌కి అది కల్వర్టు దగ్గరి 19 అడుగులు. దాన్ని బట్టి ఎన్ని అంతస్తులో తేల్చండి. పెద్ద రోడ్ల మీద 2,400 గజాలు లేకపోయినా, పక్కపక్క యజమానులు కలిసి వస్తే ఎత్తుకి దారి ఇవ్వండి, సందుల మీద బరువు తగ్గుతుంది. గొల్లపూడి నుంచి గన్నవరం దాకా, అటు తాడేపల్లి, మంగళగిరి దాకా కళ్లకి ఒకే ఊరిగా కనిపించే ఈ మొత్తానికి ప్లాన్ ఇచ్చేవాళ్లూ శ్లాబు లెక్కపెట్టేవాళ్లూ ఒకే గొడుగు కింద ఉండాలి. 1978లో నాలుగు ఊళ్ల పేర్లు కలిపి ఉడా పెట్టినవాళ్లకి ఈ ఆలోచన అప్పుడే ఉంది. 2014లో దాని చోట సీఆర్డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, వచ్చింది. కాగితం ఇవ్వడంతో సగం పనే అవుతుంది, మూడో శ్లాబు తర్వాత ఎవరైనా వచ్చి నిలబడి లెక్కపెడితేనే మిగతా సగం.

ఇళ్లు కావాలి కదా, అడ్డం పడితే ధరలు పెరుగుతాయి కదా అని బావగారు నాతో వాదిస్తారు. ఆయన మాటలో నిజం ఉంది. రాజధాని ప్రకటన తర్వాత ఈ చుట్టుపక్కల గజం ధర ఎలా ఎగిరిందో అందరం చూశాం. చిన్న ఉద్యోగికి ఇక్కడ సొంత ఇల్లంటే ఫ్లాటే. కానీ బావగారే రెండు రూపాయల వడ్డీ ఐదేళ్లు కట్టారు. అంతస్తు చవగ్గా వచ్చిందని కొన్నారు, ఆ చవక వెనకాల ఎంత పోయిందో ఆయన డైరీలో ఇప్పటికీ ఉంది. తక్కువ ధరకి వచ్చిన అంతస్తు ఖరీదు తర్వాత వాయిదాల్లో వసూలవుతుంది.

ఇంకొక్కటి ఉంది, ఇది నాకు అన్నిటికన్నా దగ్గరి విషయం. పక్కింటి స్థలంలో ఐదంతస్తులు లేవబోతున్నాయని మా అమ్మకి చెప్పింది ఎవరు? తాపీ మేస్త్రీ. జేసీబీ వచ్చిన రోజు గోడ పగులుతుందేమోనని భయపడి అడిగితే, స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అమ్మా, పిల్లర్లు లోతుగా వేస్తారు, మీకేం కాదు అన్నాడు. ముప్ఫయ్యేళ్లు పన్ను కట్టిన మనిషికి ఆఫీసు నుంచి ఒక్క కాగితం రాలేదు. ఆమె ఒప్పుకుంటేనే కట్టాలని నేననను. అలాగైతే ఊళ్లో ఏ ఇల్లూ లేవదు. కానీ ప్లాన్ పాసయ్యే ముందు నాలుగు పక్కలా ఉన్నవాళ్ల చేతికి ఒక నకలు ఇచ్చి, పదిహేను రోజులు గడువు పెట్టి, మీరేమైనా చెబుతారా అని అడిగితే ఏం పోతుంది? సందు ఎంత వెడల్పో, వానాకాలం కాలవ ఎక్కడ పొంగుతుందో, పాత బావి ఎక్కడ పూడ్చారో ఆ వీధివాళ్లకి తెలిసినంత ఆన్‌లైన్ డ్రాయింగు చూసేవాళ్లకి తెలియదు. నేను గీసిన ఎన్నో ప్లాన్లలో తప్పులు పక్కింటివాళ్లు ఒక్కసారి చూస్తే దొరికిపోయేవి.

ఈ ఏడాది అమ్మ మా డాబా మీద వడియాలు పెట్టలేదు. పిండి డబ్బాలో పట్టుకుని, పాత చీర మడతపెట్టుకుని, పొద్దున్నే ఆటోలో కానూరు వెళ్లింది. అక్క వాళ్ల అపార్ట్‌మెంట్ పైన, ఒకప్పుడు ప్లాన్‌లో లేని ఆ అంతస్తుల మీద, సాయంత్రం ఐదు దాకా ఎండ ఉంటుంది. మూడు రోజుల్లో గలగలమని ఎండాయి. స్టీలు డబ్బాలో సగం మాకు పంపింది. పడమటి వైపు స్థలం ఇంకా ఖాళీగానే ఉంది కాబట్టి అక్కడ ఎండ ఉంది. పోయిన నెల ఆ స్థలంలో బోరు వేశారని అక్క ఫోన్ చేసి చెప్పింది.